రాయి మనది, బల్ల ఎవరిది? నెల్లూరు మైకా, బోట్స్వానా వజ్రం పక్కపక్కన

నెల్లూరు మైకాకూ బోట్స్వానా వజ్రానికీ పోలికేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఒకటి ఇస్త్రీపెట్టెలోనూ రేడియో వాల్వులోనూ కంటికి కనపడకుండా పనిచేసింది. రెండోది నలుగురూ చూడాలనే వేలికెక్కింది. ధరలో గానీ హోదాలో గానీ రెండింటికీ పొంతన లేదు. అయినా ఒక విషయంలో రెండూ ఒకే కోవకు చెందినవి. ఇనుపరాయిని, బొగ్గును టన్నుల లెక్కన అమ్ముతారు, నాణ్యత ఎంతో ప్రయోగశాల చెబుతుంది. మైకా పలక విలువ, గని నుంచి వచ్చిన ముడి వజ్రం విలువ తేల్చింది మాత్రం చాలాకాలం మనిషి కన్నే. సరుకును బల్ల మీద పోసి, వెలుతురుకు పట్టి చూసి, ఇది ఫలానా రకమని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ బల్ల ఏ ఊళ్లో ఉంది, దాని వెనక ఎవరు కూర్చున్నారు, వాళ్ల ముందున్న ధరల పట్టీ ఎవరు రాశారు అన్న ప్రశ్నలు, గనిలో ఎంత సరుకుందన్న ప్రశ్నకన్నా పెద్దవని నా వాదన. నెల్లూరు సీమ, ఆఫ్రికా ఖండపు దక్షిణభాగం రెండూ ఈ ప్రశ్నలకు వేరువేరు జవాబులు చెప్పుకున్నాయి. ఆ జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆఫ్రికా గనుల గురించి మన పత్రికల్లో తరచూ వచ్చేవి రెండు కథలు. వజ్రం కోసం నెత్తురు పారిన కాంగో, అంగోలాల కథ ఒకటి. వజ్రంతో బాగుపడ్డ బోట్స్వానా కథ రెండోది. మన దగ్గరికొచ్చేసరికి చర్చ గోల్కొండ మీదికీ కోహినూరు మీదికీ మళ్లుతుంది. 17వ శతాబ్దం నడుమ కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దాదాపు అరవై వేల మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు. పెద్ద రాళ్లు సుల్తానుకు పోయాయి, మిగిలినవి వర్తకుల మూటల్లోకి చేరాయి, తవ్వినవాళ్లకు కూలి దక్కింది. ఆ కొల్లూరు ఇవాళ పులిచింతల ముంపులో ఉంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో ఇప్పటికీ జనం వంగి వజ్రాలు వెతుకుతుంటారు. దొరికితే చుట్టుపక్కల వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేసి ఇంటికి పోతారు. మూడున్నర శతాబ్దాలు గడిచినా తవ్వేవాడికీ ధరకూ మధ్య దూరం తగ్గలేదు. కోహినూరు తిరిగొచ్చినా ఆ దూరం తగ్గదు. అందుకే గోల్కొండను పక్కన పెట్టి, మొన్నమొన్నటి దాకా నడిచిన నెల్లూరు గనుల్నే పోలికకు తీసుకుంటున్నాను.

నేల కింది హక్కు

గూడూరు నుంచి సంగం దాకా దాదాపు నూరు కిలోమీటర్ల పొడవున నెల్లూరు మైకా పట్టీ సాగుతుంది. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి దానిలో నాలుగు ముక్కలు. సైదాపురం, కలిచేడు, ఇనికుర్తి పేర్లు 19వ శతాబ్దం చివరి నుంచీ భూగర్భ శాస్త్రవేత్తల నోట నానాయి. జియలాజికల్ సర్వే అధికారి థామస్ హాలండ్ 1902లో దేశంలోని మైకా నిక్షేపాల మీద పుస్తకం వేసేనాటికే ఇనికుర్తి గని పేరు మోగింది. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు వచ్చే మైకా స్ఫటికాలు అక్కడ బయటపడ్డాయి. అదే రాతి సిరల్లో బెరిల్, గార్నెట్, టూర్మలిన్ లాంటి రత్నజాతి రాళ్లూ, సమర్‌స్కైట్ లాంటి అరుదైన ఖనిజాలూ దొరికాయి.

ఆ కాలంలో ఈ సీమలో కొంత వెంకటగిరి సంస్థానానిది, కొంత సర్కారు రైత్వారీ నేల. జమీందారీ ఊళ్లలో గని తవ్వాలంటే సంస్థానం గడప తొక్కాలి, సర్కారు ఊళ్లలో కలెక్టరు కచేరీకి వెళ్లాలి. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. 1957 గనుల చట్టంతో లీజుల వ్యవహారం ఒక దారికి వచ్చింది. అయినా సర్కారు తన పాత్రను లీజు రాసివ్వడానికీ, రాయల్టీ వసూలు చేయడానికీ పరిమితం చేసుకుంది. గనిలో వాటా అడగలేదు, అమ్మకంలో కుర్చీ అడగలేదు.

బోట్స్వానాలో ఇదే ప్రశ్న 1960లలో వచ్చింది. 1966 సెప్టెంబరు 30న స్వతంత్రం వచ్చేనాటికి అది ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. తారురోడ్డు కొన్ని కిలోమీటర్లకు మించి లేదు. నేల కింది హక్కు తెగల చేతుల్లో ఉండేది. తొలి అధ్యక్షుడు సెరెట్సె ఖామా బంగ్వాటో తెగ రాజవంశంలో పుట్టినవాడు. 1967లో చట్టం తెచ్చి తెగల ఖనిజ హక్కులన్నీ దేశం పేర రాయించాడు. అందులో తన తెగ హక్కూ ఉంది. అదే ఏడాది ఒరాపాలో వజ్రాల కంపెనీ డి బీర్స్ శాస్త్రవేత్తలకు వజ్రపు గొట్టం కనపడింది, అదీ బంగ్వాటో నేలలోనే. రాజవంశీకుడే ముందుగా వదులుకోవడంతో మిగతా తెగలకు అడ్డుచెప్పే నోరు లేకపోయింది.

అసలు తేడా తర్వాతి అడుగులో ఉంది. బోట్స్వానా రాయల్టీతో సరిపెట్టుకోకుండా గని కంపెనీలోనే వాటా తీసుకుంది. 1969లో 15 శాతంతో మొదలుపెట్టి, ఒరాపా ఎంత పెద్దదో తేలాక మళ్లీ బేరానికి కూర్చుని 1975 నాటికి సగానికి చేర్చింది. 1982లో జ్వానెంగ్ గని తెరిచేనాటికి ఆ సగం వాటా స్థిరపడిపోయింది. రాయల్టీ, పన్ను, వాటా మీద లాభం అన్నీ కలిపితే ఆ ఉమ్మడి గని కంపెనీ డెబ్స్వానా లాభాల్లో సుమారు 80 శాతం సర్కారుకు చేరుతుందని ఆర్థికవేత్తల అంచనా.

నెల్లూరులోనూ బోట్స్వానాలోనూ పాత దొరల హక్కు పోయి సర్కారు హక్కు వచ్చింది. జమీందారీ రద్దును మనం విప్లవంగా చెప్పుకున్నాం, నేల పైభాగం విషయంలో అది నిజమే. నేల కింద మాత్రం జమీందారు కచేరీ ఉన్నచోట గనుల శాఖ కచేరీ వెలిసింది. సంస్థానం అడిగినట్టే సర్కారూ తన భాగం అడిగింది, అంతకుమించి గని వ్యాపారంలోకి దిగలేదు.

బల్ల ముందు ఇద్దరు మనుషులు

గూడూరు, కలిచేడు చుట్టుపక్కల మైకా షెడ్డుల్లో పనిచేసినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. గని నుంచి వచ్చిన దిమ్మె పుస్తకంలా పేజీలు పేజీలుగా విడిపోతుంది. ముందు మట్టి, పగులు ఉన్న పొరలు ఊడదీయాలి. తర్వాత అంచులు కత్తిరించాలి. బీహారులో ఈ పని కొడవలితో చేస్తే మనవైపు కత్తెరతో చేసేవారు. పలకను వెలుతురుకు పట్టి చూడాలి: గాలిబుడగలున్నాయా, ఇనుపమచ్చ ఉందా, పొర అలలు తేలిందా? అద్దంలా ఉంటే క్లియర్, కొంచెం మచ్చుంటే స్లైట్లీ స్టెయిన్డ్, నల్లచుక్కలుంటే బ్లాక్ స్పాటెడ్. ఆ తర్వాత కొలత. చదరపు అంగుళం నుంచి రెండుంపావు దాకా దీర్ఘచతురస్రం దిగితే ఆరో నంబరు. ఇరవై నాలుగు నుంచి ముప్పై ఆరు దిగితే ఒకటో నంబరు. నూరు దాటిన పలకకు ‘ఓవర్ ఓవర్ ఎక్స్‌ట్రా ఎక్స్‌ట్రా స్పెషల్’ అని రైలుబండంత పేరు. ఆరో నంబరుకూ స్పెషల్‌కూ ధరలో ఎన్నో రెట్ల తేడా. కత్తెర ఒక అర అంగుళం లోపలికి జరిగితే పలక ఒక నంబరు పడిపోతుంది. అంత విలువైన తీర్పు చేతుల్లో ఉన్నా ఆ కూలిమనిషికి దక్కింది రోజుకూలే.

బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో బల్ల ఎలా ఉంటుందో చూడండి. తెల్లకాగితం పరిచి ఉంటుంది, మీద ఎప్పుడూ ఒకేలా ఉండే వెలుతురు, చేతిలో పట్టకారు, కంటికి పదిరెట్లు చూపే భూతద్దం. మనిషి ముడిరాళ్లను ఆకారం, నాణ్యం, రంగు, బరువు చూసి విడదీస్తుంది. ఆ వర్గాలు వేల సంఖ్యలో ఉంటాయి. పని స్వభావంలో గూడూరు షెడ్డుకూ దీనికీ పెద్ద తేడా లేదు. రెండుచోట్లా చురుకైన కన్ను, ఓపికున్న చెయ్యి కావాలి. తేడా ఆ తీర్పు ఎక్కడిదాకా వెళ్తుందన్న దగ్గరుంది. గూడూరు మనిషి నంబరు మాత్రమే చెప్పింది. ఆ నంబరుకు ధర మద్రాసు ఏజెంటు చెప్పాడు, అతనికి లండను కొనుగోలుదారు చెప్పాడు. నెల్లూరు మైకాది పచ్చ ఛాయ, బీహారుది ఎర్ర ఛాయ. కండెన్సర్లకు ఎర్రదే మేలని బయట కొనేవాళ్లు తీర్మానించాక మన పచ్చ మైకా బజారులో ఒక మెట్టు కిందే ఉండిపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో మైకా లేకుండా విమానంలో రేడియో పలకదని గుర్తించిన బ్రిటన్, అమెరికాలు 1942లో ఉమ్మడి మైకా మిషన్ పెట్టి దేశంలోని సరుకును కొనేశాయి. అప్పుడు మైకాకు గిరాకీ విపరీతంగా పెరిగింది. ఆ గిరాకీలోనూ ధర రాసింది కొనేవాళ్లే.

బోట్స్వానా కూడా చాలాకాలం ఇదే స్థితిలో ఉంది. గని బోట్స్వానాలో, బల్ల లండనులో. దాన్ని మార్చడానికి ఆ దేశం గడువు తేదీల్ని ఆయుధంగా వాడుకుంది. జ్వానెంగ్ లీజు పొడిగించే సమయం వచ్చినప్పుడు, రాళ్లు మా ఊళ్లోనే ఏరాలి అని షరతు పెట్టింది. 2008లో గాబరోన్‌లో వర్గీకరణ భవనం తెరిచారు. అమ్మకపు ఒప్పందం పొడిగింపుకు వచ్చిన 2011లో, అంతటితో చాలదు, అమ్మకం కూడా ఇక్కడే జరగాలని పట్టుబట్టింది. 2013కల్లా డి బీర్స్ ముడివజ్రాల అమ్మకాల వేదిక లండను నుంచి గాబరోన్‌కు మారింది. నూరేళ్లకు పైగా లండనుకు వెళ్లిన కొనుగోలుదారులు కలహారి అంచుకు విమానం ఎక్కాల్సి వచ్చింది. ఆ వచ్చినవాళ్లలో మన సూరత్, ముంబై వర్తకులు ముందువరసలో ఉన్నారు. సర్కారు తన సొంత అమ్మకాల కంపెనీ ఒకవాంగో కూడా పెట్టుకుంది. 2025 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం డెబ్స్వానా సరుకులో దాని వాటా 30 శాతంతో మొదలై క్రమంగా 50కి చేరాలి.

మన సర్కారుకు బల్ల సంగతి అసలు తట్టలేదని అనడం అన్యాయం. 1972లో మైకా ఎగుమతిని సర్కారు వాణిజ్య సంస్థ ఎంఎంటీసీ చేతికిచ్చారు, 1974లో దానికోసమే మిట్కో అనే కంపెనీ పెట్టారు. కనీస ధర ఇంత అని గీత గీశారు. కానీ మిట్కో మధ్యలో ఎగుమతిదారుగా నిలబడిందే తప్ప బల్లకు ఈ చివరనున్న గనికీ, ఆ చివరనున్న కండెన్సర్ ఫ్యాక్టరీకీ చెయ్యి చాపలేదు. అప్పటికే పొద్దు కూడా పోయింది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

కాంగోను ఇక్కడ మూడో పక్షంగా నిలబెడితే పోలిక ఇంకా తేటపడుతుంది. ఎంబుజి-మాయి చుట్టూ వజ్రాలు రాశులుగా ఉన్నాయి. బెల్జియం కాలంలో మొదలైన మీబా కంపెనీ నియంత మోబుటు ఏలుబడిలో గుల్లయింది. 1980ల మొదట్లో ఎవరైనా తవ్వుకోవచ్చని సడలించాక లక్షలాది మంది గునపాలు పట్టుకుని గుంతల్లోకి దిగారు. తవ్వేవాడి నుంచి దళారికి, దళారి నుంచి కొనుగోలు కొట్టుకు, కొట్టు నుంచి ఆంట్వెర్ప్‌కు, దుబాయికి రాయి ప్రయాణిస్తుంది. రాయి విలువ ఎంతో తవ్వేవాడికి ఏ మెట్టులోనూ తెలియదు. 2003లో అమల్లోకి వచ్చిన కింబర్లీ ప్రక్రియ, ఈ రాయి తిరుగుబాటు సేనల ఖర్చుకు పోలేదని ధ్రువపత్రం ఇస్తుంది. తవ్వినవాడికి ఎంత ముట్టిందో ఆ పత్రం చెప్పదు. జింబాబ్వే మరాంగె పొలాల్లో 2008లో సైన్యమే తవ్వేవాళ్ల మీద కాల్పులు జరిపింది. సర్కారు తుపాకీ ఆ నిర్వచనంలోకి రాదు కాబట్టి అక్కడి రాళ్లు చివరకు బజారుకు చేరాయి. ఆ ప్రక్రియకు పునాది వేసినవారిలో ఒకటైన గ్లోబల్ విట్నెస్ అనే హక్కుల సంస్థ 2011లో బయటికి వచ్చేసింది. మచ్చలేని రాయి అని రాసిచ్చే బల్ల దగ్గర తవ్వేవాడికి చోటు లేకపోతే ఇంతే జరుగుతుంది.

రాయి కట్టించిన ఆసుపత్రి

ఒక్క అంశంలో నెల్లూరు ముందుంది, అది ఒప్పుకోవాలి. 1946లో మైకా గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతయ్యే మైకా మీద విలువలో 6.25 శాతానికి మించకుండా సుంకం వేసి, ఆ సొమ్మును గని కార్మికుల వైద్యానికీ చదువుకూ తాగునీటికీ వాడాలన్నది దాని సారం. కలిచేడులో ఆసుపత్రి ఆ నిధితో నడిచింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి క్షయ పట్టిన సీమలో అది చిన్న సంగతి కాదు. బోట్స్వానా స్వతంత్ర దేశం కావడానికి ఇరవై ఏళ్ల ముందే, రాయి మీద వచ్చే డబ్బులో కూలివాడికి హక్కుందని ఇక్కడ చట్టం చెప్పింది.

అయితే ఆ నిధి ఆయువు ఎగుమతితో ముడిపడింది. మైకా పోతుంటే నిధి వస్తుంది, మైకా ఆగితే నిధి ఆగుతుంది. రేపటికోసం దాచే ఏర్పాటు అందులో లేదు. బోట్స్వానా 1994లో పులా నిధి మొదలుపెట్టి, ఏటి ఖర్చుకు మించిన వజ్రాల డబ్బును విదేశాల్లో మదుపు చేసింది. 2002లో ఎయిడ్స్ రోగులకు ఉచితంగా మందులిచ్చే పథకాన్ని జాతీయస్థాయిలో మొదలుపెట్టిన తొలి ఆఫ్రికా దేశం అదే. మన వైపు 2015లో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. ఆలోచన మంచిదే, కానీ ఇది కూడా వచ్చింది వచ్చినట్టే ఖర్చయ్యే పద్దు. అదే ఏడాది ఫిబ్రవరిలో మైకా, తెల్లరాయి (క్వార్ట్జ్), సిలికా ఇసుకతో సహా 31 ఖనిజాల్ని కేంద్రం చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించి రాష్ట్రాలకు వదిలేసింది. మైకా, తెల్లరాయి 2025లో మళ్లీ ప్రధాన ఖనిజాల్లో చేరేదాకా ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ పుస్తకాల్లో వీటి ఉత్పత్తి అంకెలు మునుపటిలా దొరకలేదు. డెబ్స్వానా ఏటా ఎన్ని క్యారెట్లు తీసిందో గాబరోన్‌లో బడిపిల్లవాడు కూడా వెతికి చెప్పగలడు. సైదాపురం నుంచి ఏటా ఎన్ని టన్నుల తెల్లరాయి పోతోందో సైదాపురం సర్పంచి చెప్పాలన్నా కష్టమే.

బోట్స్వానాను ఆకాశానికెత్తే ముందు ఇంకో వైపూ చూడాలి. మధ్య కలహారి అభయారణ్యంలో తరతరాలుగా ఉన్న సాన్ జనాన్ని 1997లో, మళ్లీ 2002లో సర్కారు ఖాళీ చేయించింది. వజ్రాలకోసం కాదని సర్కారు చెప్పినా ఆ అడవిలోనే గోపె దగ్గర వజ్రాల గని తెరిచారు. 2006లో హైకోర్టు ఆ వెళ్లగొట్టడం చెల్లదని తీర్పిచ్చింది. దేశం మొత్తానికి దక్కిన రాయి ఆ నేల మీది మనిషికి దక్కకపోవచ్చు. హక్కు రాజధానికి చేరితే అన్యాయం పోతుందన్న భ్రమ అక్కర్లేదు.

రెండు ఇసుక తీరాలు

నమీబియా తీరానిది మరో కథ. 1908లో లూడరిట్జ్ దగ్గర రైలుపట్టాల మీద ఇసుక ఎత్తుతున్న జకరియాస్ లెవాలా అనే కూలివాడికి ఒక రాయి మెరుస్తూ కనిపించింది. అతను దాన్ని పైఅధికారి ఆగస్ట్ స్టౌఖ్‌కు ఇచ్చాడు. స్టౌఖ్ కోటీశ్వరుడయ్యాడు, లెవాలాకు దక్కింది చరిత్ర పుస్తకంలో ఒక వాక్యం. అదే ఏడాది జర్మన్ సర్కారు ఆ తీరాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. నూరేళ్లు అక్కడ మామూలు మనిషి కాలు పెట్టలేదు. ఇవాళ నమీబియా వజ్రాల్లో ఎక్కువ భాగం సముద్రం అడుగు నుంచి ఓడలు పీల్చి తీస్తున్నవే. అందులోనూ సర్కారుది సగం వాటా.

నెల్లూరు తీరంలో ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టలేదు. కోట, చిల్లకూరు మండలాల్లో మోమిడి, బల్లవోలు చుట్టుపక్కల తెల్లటి సిలికా ఇసుక దిబ్బలున్నాయి. వాటి మీద సరుగుడు తోపులు, జీడిమామిడి, వేరుశనగ. అద్దాల ఫ్యాక్టరీలకు ఆ ఇసుక కావాలి. లారీలు చెన్నై వైపు పోతాయి, నేలలో గుంతలు మిగులుతాయి. ఇక్కడ గమనించాల్సింది ఇసుక కింద ఉన్న నీటిని. తీరంలో తీపినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు తీపినీరుంటే దాని కింద సుమారు నలభై మీటర్ల దాకా తీపినీరే ఉంటుంది. ఇది లెక్కలు తేల్చిన సూత్రం. అంటే గుంత లోతు చేసి పైన నీటిమట్టం ఒక మీటరు దించితే కింద ఉప్పునీరు నలభై మీటర్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. ఇసుక టన్నుకు ఇంత సీనరేజి రుసుము అని సర్కారు ఖాతాలో పడుతుంది, ఆ నీటికి ఏ ఖాతా లేదు. నమీబియాలో జనాన్ని కంచె బయట నిలబెట్టి వజ్రాలు తీశారు. ఇక్కడ జనం ఊళ్లోనే ఉన్నారు, వాళ్ల బావినీళ్లు మాత్రం ఇసుకతో పాటు కరిగిపోతున్నాయి. ఏది ఎక్కువ క్రూరమో తేల్చలేం. నమీబియా కనీసం తన నష్టానికి సగం వాటా రాయించుకుంది.

రాయికి గిరాకీ పడిపోయినప్పుడు

మైకా గనుల్ని ముంచింది సరుకు కొరత కాదు. వాల్వు పోయి ట్రాన్సిస్టర్ వచ్చింది. తుక్కు మైకాను గుజ్జుచేసి కాగితంలా తీసే పద్ధతి వచ్చాక పెద్ద పలకలకు పని తగ్గింది. మిగిలిన పెద్ద కొనుగోలుదారు సోవియట్ యూనియన్ 1991లో చెదిరిపోయింది. పాత గుట్టల్లో తుక్కు ఏరుకుని పొడికొట్టే మిల్లులకు అమ్ముకునే స్థితికి వచ్చింది సీమ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, సైదాపురం, రాపూరు నెల్లూరులోనే ఉండిపోయాయి. మైకా ఇంకా వెలిగే రోజుల్లో అయితే ఆ గీత మీద పెద్ద గొడవే జరిగేది.

ఇప్పుడు బోట్స్వానా వంతు వచ్చింది. ఫ్యాక్టరీలో పండించిన వజ్రం బజారును ముంచెత్తింది. చైనాతో పాటు మన సూరత్‌లోనూ అవి తయారవుతున్నాయి. ఎగుమతుల్లో సుమారు 80 శాతం వజ్రాలే అయిన దేశం 2024లో కుంగింది. 1966 నుంచి ఏలిన పార్టీ ఆ ఏడాది ఎన్నికల్లో ఓడింది. 2025 ఆగస్టులో ఆసుపత్రుల్లో మందులు లేక అధ్యక్షుడు డుమా బోకో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. కరోవె గనిలో 2,492 క్యారెట్ల రాయి దొరికింది కూడా అదే కష్టకాలంలోనే, 2024 ఆగస్టులో. అంత పెద్ద రాయి దొరికినా ఖజానా నిలబడలేదు.

ఇక్కడ విమర్శకుడు రెండు తొందరపాటు తీర్మానాలు చేయగలడు. చూశారా, బోట్స్వానా నమూనా కూడా విఫలమైందని ఒకటి. రాయి ఏదైనా కాలం చెల్లేదేనని రెండోది. రెండూ తప్పే. గిరాకీ పడిపోవడం రెండుచోట్లా జరిగింది. కానీ పడిపోయిన రోజున బోట్స్వానా దగ్గర యాభై ఏళ్లలో కట్టిన బడులున్నాయి, రోడ్లున్నాయి, పనితెలిసిన వర్గీకరణదారులున్నారు, డి బీర్స్‌లో 15 శాతం వాటా ఉంది, తరిగినా మిగిలిన నిధి ఉంది. మైకా పడిపోయిన రోజున నెల్లూరు గనుల సీమకు మిగిలినవి గుట్టలు, గుంతలు, ఒక ఆసుపత్రి. బోట్స్వానా తప్పు రాయి మీద బతకడం కాదు. బల్ల దక్కించుకున్నాక ఆ బల్ల మీదే వేరే సరుకు పెట్టడం నేర్చుకోలేకపోయింది. వజ్రం చూసే కన్ను మరే రాయినైనా చూడగలదు, ఆ పని మొదలుపెట్టడానికి ఆలస్యం చేసింది.

పారేసిన తెల్లరాయి

ఈ పోలికలో నెల్లూరుకు కటువుగా తగిలే పాఠం తెల్లరాయిదే. క్వార్ట్జ్ అనే ఈ రాయి, మైకా ఉన్న సిరలోనే మైకా పక్కనే ఉంటుంది. మైకా రోజుల్లో దాన్ని అడ్డంగా భావించి పగలగొట్టి గుట్టలుగా పోశారు. ఇవాళ సోలారు పలకలకూ చిప్పులకూ శుద్ధమైన క్వార్ట్జ్ కావాలి కాబట్టి ఆ తెల్లరాయే బంగారమైంది. సైదాపురం, పొదలకూరు మండలాల్లో దానికోసం జరిగిన అక్రమ తవ్వకాలు కోర్టుల దాకా, రాజకీయాల దాకా వెళ్లాయి. లీజు ఎవరిది, పేలుడు మందు ఎవరు పెట్టారు, లారీలు ఎవరివి అన్నదే చర్చంతా. నేరం తేలాల్సిందే. అది తేలిన తర్వాత కూడా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది.

మైకాను మనం కత్తిరించి, ఏరి, నంబరు వేసి పంపాం. ధర మన చేతిలో లేకపోయినా పని మన చేతిలో ఉంది, గూడూరు షెడ్డుల్లో వేలమందికి ఆ పని తెలుసు. తెల్లరాయి చాలావరకు దిమ్మెలుగానే ఓడెక్కుతోంది. ఏది ఎంత శుద్ధమో తేల్చే పరీక్ష, పిండి చేసి ఆమ్లంతో కడిగే ఫ్యాక్టరీ, ఆ శుద్ధికి తగ్గ ధర అన్నీ రేవుకు అవతలే. ఎనభై ఏళ్ల కిందట మన దగ్గర సగం బల్లైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. బోట్స్వానా 1970ల నుంచి ముందుకు నడిచిన దారిలో నెల్లూరు వెనక్కి నడిచింది.

అందుకని ‘బోట్స్వానాను చూసి నేర్చుకోండి’ అనే ఉపన్యాసం నాకు నచ్చదు. రెండున్నర మిలియన్ల జనాభా ఉన్న దేశం ఒక కంపెనీతో బేరమాడగలదు, ఒక మండలం ఆడలేదు. రాష్ట్రం ఆడగలదు. 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుందని తేల్చింది. చేతిలో చట్టముంది, సిలికా ఇసుక లాంటి చిన్నతరహా ఖనిజాలు రాష్ట్రం కిందే ఉన్నాయి. సెరెట్సె ఖామా వారసులు వాడిన మెళకువ అతి సులువైనది: గడువు దగ్గరపడినప్పుడే బేరం. నెల్లూరులో ప్రతి క్వార్ట్జ్ లీజుకూ ఒక గడువు తేదీ ఉంది, ప్రతి సిలికా లీజుకూ ఒక గడువు తేదీ ఉంది. ఆ తేదీల పట్టికను ఊరి పంచాయతీ గోడ మీద రాయాలి. పునరుద్ధరణకు వచ్చిన ప్రతిసారీ, శుద్ధి చేసే పరీక్షాగారం జిల్లాలోనే పెడితేనే లీజు అనాలి. తీరం లీజుల్లో టన్నుకు ఎంత అన్నదానితో పాటు బావిలో నీటిమట్టం ఎంత అన్న అంకె కూడా షరతుగా రాయాలి. రాయల్టీ రేటు పెంచమని ఇన్నేళ్లు పోట్లాడిన పార్టీలు, సంఘాలు ఇకనైనా బల్ల సంగతి అడగాలి. అది అడగనంత కాలం సైదాపురం తెల్లరాయికి ధర సైదాపురంలో తేలదు.